ఆ పెద్దాయన ముఖంలో ముడతలు గీతలు కావు

'వైల్డ్ స్ట్రాబెర్రీస్' గురించి పోయిన నెల ఇక్కడే నాలుగు వాక్యాలు రాశాను. స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1957లో తీసిన నలుపు తెలుపు సినిమా అది. దాన్ని బాగుచేసి వేసిన బ్లూరే ఇంట్లో చూశానని, దొరికితే మీరూ చూడమని రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే ఇస్తున్నాను. కొత్త పాఠకులకు ఒక మాట: నేను మద్రాసులో ఒక ఫిల్మ్ ల్యాబ్‌లో నెగటివ్ కటింగ్ చేసి రిటైరైన మనిషిని. సినిమాను రీలు వైపు నుంచి చూడటం నాకు అలవాటు.

ప్ర: బాగుచేసిన డిస్క్ అన్నారు. కానీ మా టీవీలో బొమ్మంతా సన్నటి ఇసుక కదులుతున్నట్టు ఉంది. ఇదేం శుభ్రం చేయడం, మేడమ్? – రాజమహేంద్రవరం పాఠకుడు

జ: అది దుమ్ము కాదండీ, అదే బొమ్మ. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ ఏర్పడేది వెండితో. వెలుతురు తగిలిన వెండి లవణాలు డెవలపర్ అనే రసాయనంలో పడ్డాక నల్లటి వెండి రేణువులుగా మారతాయి. ఒక్కో ఫ్రేములో ఆ రేణువులు ఒక్కో చోట ఉంటాయి. సెకనుకు 24 ఫ్రేములు నడిచేసరికి మీకు ఇసుక కదిలినట్టు అనిపిస్తుంది. దాన్ని గ్రెయిన్ అంటాం. మా ల్యాబ్‌లో గ్రెయిన్ చూసి ప్రింటు వంశం చెప్పేసేవాళ్లు ఉండేవారు. నెగటివ్ నుంచి నేరుగా వచ్చిన ప్రింటులో అది సన్నగా ఉంటుంది. నకలుకు నకలు తీసిన ప్రింటులో ముద్దగా ఉంటుంది.

పోగొట్టాల్సినవి వేరే ఉన్నాయి: గీతలు, దుమ్ము, చిరుగులు, అతుకు దగ్గర బొమ్మ ఎగరడం, వెలుగు దడదడలాడటం. ఈ సినిమా 91 నిమిషాలు. 35 ఎం.ఎం. ఫిల్ము మీద అది 8,190 అడుగులు, అంటే 1,31,040 ఫ్రేములు. స్కాన్ చేసేటప్పుడు ఫిల్మును ఒక ద్రవంలో తడుపుతూ పంపే పద్ధతి ఒకటుంది. ఆ ద్రవం గీతల్లో నిండుతుంది, వెలుతురు అక్కడ చెదిరిపోకుండా నేరుగా వెళ్తుంది, గీత కనబడదు. రంగుల ఫిల్ముకైతే ఇంకో సులువు ఉంది. ఇన్‌ఫ్రారెడ్ కాంతి రంగుల్లోంచి దూరిపోతుంది కానీ దుమ్ములోంచి దూరదు, కాబట్టి దుమ్ము ఎక్కడుందో విడిగా తెలిసిపోతుంది. నలుపు తెలుపులో వెండి కూడా ఆ కాంతిని ఆపేస్తుంది, కాబట్టి ఇక్కడ ఆ దారి మూసుకుపోయినట్టే.

ఇక మిగిలింది సాఫ్ట్‌వేర్, మనిషి కన్ను. ఒక ఫ్రేములో కనిపించి ముందూ వెనకా లేనిదాన్ని సాఫ్ట్‌వేర్ దుమ్ము అనుకుంటుంది. వాన చినుకు కూడా అలాగే ఒక్క ఫ్రేములో మెరిసి పోతుంది కదా! ఈ సినిమాలో హీరో అయిన ముసలి డాక్టరు కొడుకు ఎవాల్డ్ వానలో కారు దిగి నిలబడి, తనకు బిడ్డ అక్కర్లేదని భార్యతో చెప్పే ఘట్టం ఉంది. అలాంటివి యంత్రానికి వదిలేస్తే వాన కాస్తా చెరిగిపోతుంది. ఒకరు కూర్చుని, ఇది ఉండాలి, ఇది పోవాలి అని ఒక్కొక్కటిగా చూడాల్సిందే. గ్రెయిన్ మొత్తం తుడిచేయడం ఆ పనివాళ్లకు బటన్ నొక్కినంత తేలిక. అలా తుడిస్తే హీరోగా వేసిన విక్టర్ షోస్త్రోమ్ ముఖం మైనపు బొమ్మ ముఖమైపోతుంది. షూటింగ్ నాటికి ఆయనకు 77 ఏళ్లు. కంటి కింద సంచులు, పెదవి పక్కన వణుకు, నుదుటి మీద ముడతలు, కథంతా వాటి మీదే రాసి ఉంది. వాటిని ఉంచి గీతలు తీసేశారు కాబట్టే ఆ డిస్క్ చూడమని చెప్పాను.

మీ టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ రెండూ ఆఫ్ చేయండి. బొమ్మకు అటూ ఇటూ నల్లటి ఖాళీ వస్తుంది, రానివ్వండి. సినిమా తీసిందే దాదాపు చదరపు చట్రంలో. టీవీ నిండా సాగదీస్తే మనుషులంతా లావెక్కిపోతారు.

ప్ర: మన 'మాయాబజార్'కి రంగులద్దారు కదా. దీనికీ అద్దితే ఈ తరం పిల్లలు కూడా చూస్తారు కదండీ? – విజయవాడ పాఠకుడు

జ: రెండూ ఒకే ఏడాది సినిమాలు. 'మాయాబజార్' 1957 మార్చి 27న వచ్చింది, ఇది అదే ఏడాది డిసెంబరు 26న. మన సినిమాకి హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది 2010లో విడుదల చేసింది. థియేటర్లో తాతలూ మనవలూ పక్కపక్కన కూర్చుని చూశారు, నాకూ సంతోషమే. కానీ దాన్ని బాగుచేయడం అనకూడదు. అది కొత్త అలంకారం. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ 'లాహిరి లాహిరి' పాటలో వెన్నెలను నలుపు తెలుపుల్లో ఆలోచించి కట్టాడు. ఆ వెన్నెలను ఆయన ఇచ్చినట్టే, ఒక్క గీత లేకుండా, 4కె స్కాన్‌లో ఇంట్లో చూడాలని నాకు ఎప్పటినుంచో ఆశ.

బెర్గ్‌మన్ సినిమా మొదట్లోనే ఆ ముసలి డాక్టరుకి ఒక పీడకల వస్తుంది. ఎవరూ లేని వీధి, ముళ్లు లేని గడియారం, గుర్రపు బండి మీంచి జారిపడ్డ శవపేటిక, అందులోంచి చెయ్యి చాచి లాగేది తన ముఖమే ఉన్న మనిషి. ఛాయాగ్రాహకుడు గున్నార్ ఫిషర్ అక్కడ గోడలను కళ్లు చెదిరే తెలుపుగా, నీడలను కాటుక నలుపుగా తీశాడు. మధ్యలో బూడిద రంగు దాదాపు లేదు. భయం అంతా ఆ లేకపోవడంలోనే ఉంది. గోడకి లేత పసుపు, తలుపుకి ఆకుపచ్చ వేస్తే అదొక మామూలు వీధి అయిపోతుంది.

ప్ర: నా దగ్గరున్న యూరప్ డీవీడీ 87 నిమిషాలే ఉంది. మీరు 91 అంటున్నారు. సీన్లు కోసేశారా? – విశాఖపట్నం పాఠకుడు

జ: ఏమీ కోయలేదు. యూరప్ టీవీ పద్ధతి అయిన పాల్‌లో సెకనుకు 25 ఫ్రేములు. 24 ఫ్రేములతో తీసిన సినిమాను అందులో ఎక్కించేటప్పుడు కొంచెం వేగంగా నడిపేస్తారు. నూటికి నాలుగు నిమిషాలు తగ్గుతాయి, గొంతులు కూడా రవ్వంత సన్నబడతాయి. బ్లూరేలో 24 ఫ్రేములే ఉంచుతారు కాబట్టి నిడివి సరిగ్గా ఉంటుంది. షోస్త్రోమ్ తనలో తాను గొణుక్కునే మాటలు ఆయన అసలు గొంతులో వినాలంటే బ్లూరే మంచిది.

ప్ర: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అక్కడ కొని పంపితే మా ప్లేయర్‌లో ఆడుతుందా? – గుంటూరు పాఠకురాలు

జ: చూసుకుని కొనమనండి. బ్లూరేలకు ప్రాంతాల గుర్తులుంటాయి. అమెరికాది ఎ, యూరప్‌ది బి, మనది సి. అమెరికాలో క్రైటీరియన్ సంస్థ 2013లో 2కె స్కాన్‌తో వేసిన డిస్క్ ఎ గుర్తుది. ఇక్కడ కొన్న మామూలు ప్లేయర్ దాన్ని తీసుకోదు. బెర్గ్‌మన్ శతజయంతికి, 2018లో, అదే సంస్థ 39 సినిమాలతో తెచ్చిన పెద్ద పెట్టె సంగతీ అంతే. అన్ని ప్రాంతాలూ ఆడే ప్లేయరైనా కొనాలి, లేదా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడే చూడాలి. 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు మాత్రం ప్రాంతం గొడవ లేదు.

ప్ర: మా నాన్నగారికి 78 ఏళ్లు. లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. రెండేళ్ల క్రితం అమ్మ పోయింది. అప్పటినుంచి మాటలు బాగా తగ్గించేశారు. ఈ సినిమాలో హీరోకి కూడా 78 అని రాశారు. ముసలితనం, చావు ఉన్న సినిమా ఆయనకి చూపించడం తప్పవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. – వరంగల్ పాఠకురాలు

జ: చూపించండమ్మా. ఒంటరిగా వదలకుండా పక్కన కూర్చుని చూపించండి. ఎందుకంటున్నానో చెప్పాలంటే కథ కొంచెం చెప్పాలి.

ఈసాక్ బోర్గ్ డాక్టరు. డాక్టరేట్ పుచ్చుకుని 50 ఏళ్లయిన సందర్భంగా లుండ్‌లో ఆయనకు సన్మానం. విమానంలో వెళ్లాల్సినవాడు, తెల్లవారుజామున ఆ పీడకల వచ్చాక, స్టాక్‌హోమ్ నుంచి కారులో బయలుదేరతాడు. కోడలు మేరియాన్న కూడా వస్తానంటుంది. కారెక్కిన కాసేపటికే ఆవిడ, మావగారూ మీరు పైకి మంచివారు, లోపల స్వార్థపరులు అని మొహం మీదే అనేస్తుంది. కొడుకు ఆయన దగ్గర అప్పు తీసుకున్నాడు, దాన్ని తీర్చడానికి ఒళ్లు హూనం చేసుకుంటున్నాడు. ఈయన డబ్బున్నవాడే, అయినా మాట మాటేనంటాడు. మన ఇళ్లలో ఇలాంటి తండ్రులు ఎంతమంది లేరు?

దారిలో చిన్నప్పుడు సెలవులు గడిపిన ఇల్లు వస్తుంది. అక్కడ అడవి స్ట్రాబెర్రీ మొక్కల పక్కన కూర్చుంటే, తను ప్రేమించిన సారా పళ్లు కోస్తూ కనిపిస్తుంది. ఆమె పెళ్లి చేసుకున్నది ఈయన్ని కాదు, ఈయన అన్నదమ్ముణ్ణి. తర్వాత లిఫ్ట్ అడిగి కారెక్కిన అమ్మాయి పేరూ సారానే. ఇద్దరినీ బీబీ ఆండర్సనే వేసింది. ఇంకో చోట పెట్రోలు బంకు కుర్రవాడు (అప్పటికింకా పడుచు వయసులో ఉన్న మాక్స్ వాన్ సిడో) డబ్బులు తీసుకోనంటాడు. మీరు మా ఊళ్లో ఎంతమందికి వైద్యం చేశారో మేం మర్చిపోలేదంటాడు. ఈసాక్ తనలో తాను, ఇక్కడే ఉండిపోవాల్సిందేమో అనుకుంటాడు. ఒక్కడే అనుకునే ఆ మాట మీ నాన్నగారికి నాకంటే బాగా అర్థమవుతుంది. జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి కదా, ఆయనకూ అలాంటి ఊరొకటి, కాలేజీ ఒకటి ఉండే ఉంటాయి.

పరీక్ష కల ఒకటుంది. అది కొంచెం కటువుగా ఉంటుంది. మైక్రోస్కోప్‌లో చూస్తే ఈసాక్‌కి తన కన్నే కనబడుతుంది. డాక్టరు మొదటి ధర్మం ఏమిటని అడిగితే జవాబు గుర్తుకు రాదు. క్షమించమని అడగడం, అని పరీక్షాధికారి చెప్తాడు. చనిపోయిన భార్య కూడా ఆ కలలోనే కనిపిస్తుంది, అదీ ఒక చేదు జ్ఞాపకంగా. మీ అమ్మగారి విషయం మనసులో ఉంది కాబట్టి ఇది మీకు ముందే చెప్తున్నాను. అక్కడ ఆయన లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, ఇంకో రోజు చూడొచ్చు.

కానీ ఇది చావు భయం పెట్టే సినిమా కాదు. అప్పటిదాకా ఎవరితోనూ మనసు విప్పని మనిషి ఆ ఒక్క రోజులో కొంచెం కొంచెంగా విప్పడమే కథ. మొదట కారులో సిగరెట్ కాల్చొద్దని కోడలికి చెప్పినవాడు, సగం దారిలో తనే కాల్చుకోమంటాడు. రాత్రి కొడుకుని పిలిచి అప్పు సంగతి ఎత్తబోతాడు, కొడుకు వినకుండా, నీ డబ్బు నీకు వచ్చేస్తుందంటాడు. ఏళ్ల తరబడి ఇల్లు చూస్తున్న ఆగ్డాతో, ఇక మనం 'మీరు' అనుకోవడం మానేద్దామా అంటే, వద్దు ఇలాగే బాగుందంటుంది. అన్నీ కలిసిరావు. ఆయన మాత్రం అడగడం నేర్చుకున్నాడు. చివర్లో ఆ ముఖం ఎంత మెత్తబడుతుందో చూడండి. మేకప్ వల్ల వచ్చింది కాదది.

సినిమా అయ్యాక ఎలా ఉంది నాన్నా అని వెంటనే అడక్కండి. ఆయనే ఏ పాత ఊరి గురించో ఎత్తితే వినండి. ఎత్తకపోయినా ఫర్వాలేదు.

ప్ర: ఈసాక్ తల్లిగా వేసినావిడ నిజంగా అంత ముసలావిడేనా? – నెల్లూరు పాఠకురాలు

జ: కాదు. కథలో ఆవిడకు 96 ఏళ్లు. వేసిన నైమా విఫ్‌స్ట్రాండ్ 1890లో పుట్టారు, కొడుకుగా వేసిన షోస్త్రోమ్ 1879లో. తల్లి కొడుకు కంటే 11 ఏళ్లు చిన్న! తల్లి పాత ఆటబొమ్మల పెట్టె తీసి చూపించే సీన్‌లో వాళ్లిద్దర్నీ చూస్తే ఒక్క క్షణం కూడా ఆ సందేహం రాదు.

ప్ర: కారు కిటికీలోంచి కదిలే చెట్లు దొంగవని ఇప్పుడు స్పష్టంగా తెలిసిపోతోంది. బాగుచేసేటప్పుడు అదీ సరిచేయొచ్చు కదా? – హైదరాబాద్ పాఠకుడు

జ: చేయకూడదు. స్టూడియోలో కారు నిలబెట్టి వెనక తెర మీద రోడ్డు బొమ్మ ఆడించి తీసిన షాట్లవి, బ్యాక్ ప్రొజెక్షన్. మన పాత సినిమాల్లోనూ కావలసినన్ని ఉన్నాయి. 1957లో థియేటర్లో కూర్చున్న ప్రేక్షకుడు చూసింది అదే. బాగుచేసేవాళ్లు కాలం చేసిన దెబ్బను తీయాలి, తీసినవాళ్లు చేసిన పనిని కాదు. ఈ గీత ఒకసారి దాటితే ఇక ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలియదు.

ప్ర: షోస్త్రోమ్ కూడా దర్శకుడని విన్నాను. ఆయన సినిమాలు ఇంట్లో చూడటానికి దొరుకుతాయా? – తిరుపతి పాఠకుడు

జ: స్వీడన్ మూకీల కాలంలో ఆయన మహా దర్శకుడు. హాలీవుడ్ పిలిచి 1928లో నటి లిలియన్ గిష్‌తో 'ది విండ్' తీయించుకుంది. 'వైల్డ్ స్ట్రాబెర్రీస్' ఆయన నటించిన చివరి సినిమా, 1960 జనవరిలో పోయారు. కానీ ఆయన తీసినవాటిలో చాలా మటుకు ఇప్పుడు లేవు. 1941లో స్టాక్‌హోమ్‌లో ఫిల్ములు దాచిన గిడ్డంగి పేలిపోయి పాత నెగటివ్‌లు కాలిపోయాయి. అప్పటి నైట్రేట్ ఫిల్ము తన ఆక్సిజన్ తనే పుట్టించుకుంటుంది, నీళ్లలో ముంచినా మండుతూనే ఉంటుంది. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు కూడా ఈరోజు దొరకదు. ఇలాంటివి తలుచుకున్నప్పుడు, మిగిలిన ఒక్కో రీలు మీద అంత పని ఎందుకని అడిగేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది.

అదృష్టం కొద్దీ 1921 జనవరి 1న విడుదలైన 'ది ఫాంటమ్ క్యారేజ్' మిగిలింది. సెల్మా లాగర్‌లాఫ్ నవల ఆధారం. ఏడాది ఆఖరి రాత్రి ఆఖరున చనిపోయినవాడు వచ్చే ఏడాదంతా మృత్యువు బండి తోలాలి. బండి పారదర్శకంగా కనిపించడానికి ఛాయాగ్రాహకుడు జూలియస్ యాన్‌సన్ ఒకే నెగటివ్‌ను కెమెరాలో వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ ఎక్స్‌పోజ్ చేశాడు. ల్యాబ్‌లో పనిచేసినదాన్ని కాబట్టి ఆ లెక్క ఎంత కష్టమో తెలుసు, ఒక్కసారి తప్పితే మొదటి షాట్ కూడా పోయినట్టే. బెర్గ్‌మన్‌కు ప్రాణప్రదమైన సినిమా ఇది, ఏటా చూసేవాడు. బాగుచేసిన డిస్క్ ఉంది. రాత్రి దృశ్యాలు నీలంగా వస్తే డిస్క్ పాడైందనుకోకండి, ఆ రోజుల్లో ప్రింటునే రంగులో ముంచేవారు.