ఏళ్ల తరబడి మూలన పడున్న గార్డెన్ ట్రాక్టర్ స్టార్ట్ కాకపోతే కార్బురేటర్ మార్చాల్సిందేనా?

అక్కర్లేదు. చాలామంది చేసే తొందరపాటు అదే. ముందు చూడాల్సింది స్పార్క్.

1960, 70ల నాటి యంత్రాల్లో చాలావాటికి కోలర్ కె సిరీస్ సింగిల్ సిలిండర్ ఇంజిన్లు ఉండేవి. వాటి ఇగ్నిషన్‌కి కాంటాక్ట్ పాయింట్లే (తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే చిన్న లోహపు స్విచ్) ఆధారం. వాడకుండా వదిలేస్తే ఆ పాయింట్ల మీద పొరలా తుప్పు పేరుకుని కరెంటు పారదు. అదృష్టం ఏమిటంటే, ఈ ఇంజిన్లలో అవి బయటే, చిన్న మూత కింద ఉంటాయి. ఫ్లైవీల్ ఊడదీసే పని లేదు. సన్నటి ఆకురాయితో పైపైన రుద్ది, శుభ్రమైన కాగితం మధ్యలోంచి లాగి, పూర్తిగా తెరుచుకున్నప్పుడు గ్యాప్ 0.020 అంగుళం (దాదాపు అర మిల్లీమీటరు) ఉండేలా పెట్టండి.

స్పార్క్ వస్తున్నా స్టార్ట్ కాలేదా? ప్లగ్ రంధ్రంలో అర చెంచా పెట్రోల్ పోసి, ప్లగ్ బిగించి తిప్పండి. రెండు క్షణాలు పలికి ఆగిపోతే తప్పు ఇంధనం వైపు ఉన్నట్టు. పాత పెట్రోల్ పారబోసి, రబ్బరు పైపు మార్చి, కార్బురేటర్ విప్పి కడిగితే చాలు.

ఈ పరీక్షలన్నీ మోవర్ డెక్ (గడ్డి కోసే బ్లేడ్ల భాగం), టిల్లర్ లాంటివి పీటీఓ (ఇంజిన్ శక్తిని పనిముట్లకు అందించే భాగం) నుంచి విడదీశాకే. పాతవాటిలో సీటు కింద సేఫ్టీ స్విచ్ ఉండకపోవచ్చు, ఉన్నా ఎవరో వైరు కలిపేసి ఉంటారు!

ఇంకోటి: ఈ ఇంజిన్లకు ఆయిల్ పంపు లేదు, చిలకరింపుతోనే నూనె అందుతుంది. నిట్టవాలులో ఎక్కువసేపు నడపకండి.