టెక్ సందేహాలు: గ్రాఫ్‌లో సగం గీత ఏమైంది?

సందేహం: ఇంటర్ చదువుతున్నాను. ఫోన్‌లో గ్రాఫ్‌లు గీసే డెస్మోస్ యాప్ వేసుకుని ఎఫ్(ఎక్స్)కి ఎక్స్ స్క్వేర్, జి(ఎక్స్)కి రూట్ ఎక్స్ ఇచ్చాను. ఎఫ్(జి(ఎక్స్)) గీయమంటే గీత కుడివైపే వస్తోంది. చేత్తో చేస్తే జవాబు ఎక్స్ కదా, రెండువైపులా రావాలి కదా? యాప్ పాడైందా?
– ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

యాప్ బాగానే ఉంది. ఎక్స్ దగ్గర మైనస్ 4 వేసి చూడండి. ముందు పని చేసేది లోపలున్న జి. మైనస్ 4కి వాస్తవ వర్గమూలం లేదు కాబట్టి లెక్క అక్కడే ఆగిపోతుంది, ఎఫ్ దాకా వెళ్లదు. మీరేమో రూట్‌నీ స్క్వేర్‌నీ ముందే కొట్టేసి ఎక్స్ అని రాసేశారు. అలా కొట్టేసినప్పుడు ప్రదేశం (డొమైన్), అంటే ఎక్స్‌కి ఏయే విలువలు ఇవ్వొచ్చన్న సంగతి, మీ కాగితం మీద నుంచి జారిపోయింది. యాప్ దాన్ని వదల్లేదు. పరీక్షలో కూడా జవాబు పక్కన ‘ఎక్స్ సున్నా లేదా అంతకంటే ఎక్కువ’ అని రాయాల్సిందే.

ఇప్పుడు కింది లైన్లో జి(ఎఫ్(ఎక్స్)) టైప్ చేయండి. మైనస్ 4 ముందు 16 అవుతుంది, దాని రూట్ 4. గీత రెండువైపులా పైకి లేస్తుంది. అది మాడ్యులస్ ఎక్స్ గ్రాఫ్. ఉన్నవి అవే రెండు ప్రమేయాలు (ఫంక్షన్లు), మారింది వరస ఒక్కటే. లైన్ పక్కనున్న రంగు గుండ్రాన్ని నొక్కితే ఆ గీత కనిపించకుండా పోతుంది. ఒకటి దాచి ఒకటి చూడండి, తేడా మనసులో నాటుకుంటుంది. ఇలా ఒకదానిలో ఒకటి పెట్టే సంయుక్త ప్రమేయాలు నేర్చుకునేవాళ్లకు నా సలహా ఒకటే: సూక్ష్మీకరించక ముందే గ్రాఫ్ గీయండి.

సందేహం: మా ఇంట్లో నెట్ నిలకడగా ఉండదు. ఈ గ్రాఫ్ యాప్‌లు ఆఫ్‌లైన్‌లో పనిచేస్తాయా?
– గాజువాక

పనిచేస్తాయి. డెస్మోస్ గానీ జియోజీబ్రా గానీ యాప్‌గా దించుకోండి, రెండూ ఉచితమే.

సందేహం: డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను. రెండు ప్రమేయాలను కూడితే ఏమవుతుందో పిల్లలకు మన ఊరి ఉదాహరణతో చూపించాలని ఉంది.
– సీతమ్మధార

మేడమ్, సముద్రం ఎదురుగానే ఉంది కదా! విశాఖ తీరంలో రోజుకు దాదాపు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. చంద్రుడి లాగుడుకు వచ్చే ప్రధాన అల 12.42 గంటలకోసారి, సూర్యుడిది 12 గంటలకోసారి తిరిగొస్తుంది. ఎక్స్‌ను గంటలు అనుకుని, చంద్రుడి అలకు ఎం, సూర్యుడి అలకు ఎస్ అని పేరు పెట్టి డెస్మోస్‌లో ఇలా ఇవ్వండి:

ఎం(ఎక్స్) = 0.5 కాస్(2πఎక్స్/12.42)
ఎస్(ఎక్స్) = 0.2 కాస్(2πఎక్స్/12)

0.5, 0.2 అన్నవి క్లాసు కోసం నేను పెట్టిన ఎత్తులు, మీటర్లలో. రెంచి గుర్తు నొక్కి కోణాలు రేడియన్లలో ఉన్నాయో లేదో చూసుకోండి, డిగ్రీల్లో ఉంటే అంతా తారుమారు. ముందు ఎం ఒక్కదాన్నే 0 నుంచి 48 గంటల దాకా చూపించండి. పోటు మర్నాటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యం కావడం కనిపిస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో పడవ తీసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే.

తర్వాత మూడో లైన్లో ఎం(ఎక్స్)+ఎస్(ఎక్స్) ఇచ్చి, అడ్డ అక్షాన్ని 720 గంటల దాకా, అంటే నెల రోజులకు చాచండి. ఫోన్‌లో అలలన్నీ ఒత్తుకుపోయి రంగు పట్టీలా కనిపిస్తాయి, ఫరవాలేదు, చూడాల్సింది ఆ పట్టీ అంచునే. మొదట 0.7 ఎత్తు, 177 గంటల దగ్గర సన్నబడి 0.3, మళ్లీ 355 గంటల దగ్గర 0.7. పున్నమి, అమావాస్య ప్రాంతాల్లో పెద్ద పోట్లు, అష్టమి ప్రాంతాల్లో చిన్నవి రావడానికి కారణం ఈ కూడికే. విడివిడిగా చూస్తే రెండు అలల్లోనూ ఎత్తు మారదు, ఆ హెచ్చుతగ్గులు కలిపినప్పుడే పుడతాయి. ఈ మాట పిల్లలతోనే చెప్పించండి.

నిజమైన సముద్రంలో ఇలాంటి అలలు ఇంకా చాలా కలుస్తాయి. సమయం మిగిలితే 0.1 ఎత్తుతో 12.66 గంటల అలను కూడా కలపండి. చంద్రుడు భూమికి దగ్గరగా, దూరంగా జరగడం వల్ల వచ్చేది అది. అప్పుడు 355 గంటల దగ్గరి పెద్ద పోటు 0.6కి తగ్గుతుంది, మొదటిది 0.8 అవుతుంది.