కాలవ కట్ట మీద తీతువు

అబ్బాయ్,

నీ వ్యాసం చదివాను. నెల్లూరు దగ్గర మైపాడు రోడ్డు దిగి, బకింగ్‌హాం కాలవ కట్ట మీద సాయంత్రం సైకిల్ తొక్కిన ముచ్చట. సూర్యాస్తమయానికి రెండు పేరాలు ఇచ్చావు. నిజం చెబుతున్నా, అవి దాటేశాను. బంగారు కిరణాలు అద్దంకిలోనూ అంతే, ఆముదాలవలసలోనూ అంతే.

నన్ను ఆపింది ఒక్క వాక్యం. తీతువు పిట్టలు నీ తల చుట్టూ తిరుగుతూ స్వాగతం పలికాయన్నావు. మే నెలలో, చవుడు నేలలో, నెత్తిమీదికొచ్చి అరిచాయంటే తిడుతున్నాయి నాయనా! దగ్గర్లో గుడ్లుండి ఉంటాయి. తీతువు చెట్టెక్కి గూడు కట్టదు. నేలమీదే చిన్న గుంట చేసుకుని మట్టిరంగు మచ్చల గుడ్లు పెడుతుంది, మామూలుగా నాలుగు. ఎండకి అవి ఉడికిపోకుండా పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి మీద కూర్చుంటుంది. పక్కన నిలబడినా ఆ గుడ్లు మన కంటికి ఆనవు. నీ సైకిల్ చక్రం వాటికి ఎంత దూరంలో పోయిందో! రాయాల్సింది అది.

వేసవిలో వేసే ఎడగారు వరి మళ్లలో నత్తగుల్ల కొంగ ధ్యానం చేస్తోందన్నావు. అదేం ధ్యానం? నత్తల కోసం బురద తడుముతోంది, ఆకలి దానిది. ఇక రొయ్యల గుంటలు పక్కనే ఉన్నా నీ వ్యాసంలో లేవు. నీటికాకులు దిగకుండా గుంటల మీద కట్టిన తాళ్లు, కాపలా మనిషి కాల్చే టపాకాయలు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల రొద, అన్నీ వదిలేశావు. అందం చెడుతుందనా? నువ్వు మురిసిపోయిన నీటికాకి, అప్పు చేసి వనామీ రొయ్య వేసినవాడికి దొంగ. ఆ ఇద్దరి చూపూ ఉంటేనే అది మైపాడు అవుతుంది.

సైకిల్ మీద పోవడం మంచిదే, బైకు మీదైతే పిట్టల కూతలు సగం వినపడవు. కానీ దిగాలి. పిట్ట కనపడితే ఫోన్ తీయకుండా కాసేపు నిలబడు. ఏం తింటోంది, దేనికి బెదిరింది, ఎటు పోయింది, అంతవరకు చూడు. పేరు తెలియకపోతే కాలవలో వల వేసేవాళ్లనడుగు, వాళ్లు చెప్పిన పేరే రాయి.

గుడ్లు కనపడితే మాత్రం ఆ చోటు ఎక్కడో రాయొద్దు. కుక్కలకంటే ముందు ఫోటోల వాళ్లు చేరతారు.

తిరగరాసి పంపు. నక్క కట్ట దాటుతూ ఆగి నీకేసి చూసిన ఆ మూడు వాక్యాలు బాగున్నాయి, వాటిని ముట్టుకోవద్దు.