గీస్ కొత్త ఆల్బమ్ హైపేనా? నాకైతే మూడోసారికి ఎక్కింది

"చిన్నప్పట్నుంచీ ఇళయరాజా, రెహమాన్ తప్ప వేరే వినలేదు, కొత్త ఇండీ రాక్‌లో దేంతో మొదలెట్టాలి, అందరూ గీస్ గీస్ అంటున్నారు అది ఉత్త హైపేనా" అని అడిగారు కదా. గీస్ అంటే న్యూయార్క్ ఇండీ రాక్ బ్యాండు (ఇండీ అంటే పెద్ద కంపెనీల వెనక పోకుండా సొంత దారిలో పాడేవాళ్లు). హైప్ ఉంది, ఆల్బమ్‌లో సరుకూ ఉంది. కాకపోతే మీరు దాంతో మొదలెట్టకండి.

ఎందుకంటే నా సంగతి చెప్తా. వైజాగ్‌లో రోజూ భీమిలి బస్సెక్కి రుషికొండలో దిగుతా, ఆఫీసు అక్కడే. గీస్ వాళ్ల ఆ ఆల్బమ్ 'గెటింగ్ కిల్డ్' 2025 సెప్టెంబర్ 26న వచ్చింది, శుక్రవారం. సోమవారం బస్సులో బడ్స్ పెట్టుకుని మొదటి పాట 'ట్రినిడాడ్' నొక్కా. అది మొదట్లో జోకొడుతున్నట్టు మెల్లగా ఉంటది, ఇదేంటి ఇంత చిన్నగా వస్తోంది అనుకుని సౌండు ఫుల్లు పెట్టేశా, తీరా చూస్తే బడ్స్ కనెక్టే అవ్వలేదు, వచ్చేదంతా ఫోన్ స్పీకర్లోంచే. సరిగ్గా జోడుగుళ్లపాలెం దగ్గరకొచ్చేసరికి వాడు గొంతు చించుకుని కారులో బాంబుందని ఒకటే అరుపులు! కండక్టర్ వెనక్కి తిరిగి "ఏటి బాబూ, బాంబంటన్నాడేటి?" అన్నాడు. నా పక్కన ఖాళీ చేపల తట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మామ్మ "పాటంటయ్యా అది, దాన్ని కూడా పాటంటారు" అని ఆయనకి సర్ది చెప్పింది. ఆ రోజుకి ఆపేశా.

రెండోసారి ఇంట్లో పెడితే అమ్మ వంటింట్లోంచి "ఎవడ్రా వాడు, పన్ను నొప్పా?" అంది. నిజమే, గీస్‌లో పాడే కామెరాన్ వింటర్ గొంతు అలాగే ఉంటది, సాగదీస్తాడు, మధ్యలో వణికిస్తాడు, మాట సగం మింగేస్తాడు. సుశీలమ్మ పాటలు విని పెరిగిన చెవికి కష్టమే.

మూడోసారి ఆ గొంతుని వదిలేసి డ్రమ్స్ ఒక్కటే పట్టుకుని విన్నా. అప్పుడు తెలిసింది అసలు కథ. మా ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు చూశారా ఎప్పుడైనా? గుండెల మీద తప్పెట కట్టుకుని గెంతుతా, తిరుగుతా, పాడతా వాయిస్తారు, మనిషి ఎటెళ్లినా కాలికింద గజ్జె మాత్రం తప్పదు. గీస్ డ్రమ్మర్ మాక్స్ బాసిన్ డ్రమ్స్ అచ్చం అలాగే, పైన పాడేవాడు ఎక్కడికి పోయినా కింద లెక్క తప్పదు. ప్రొడ్యూసర్ కెన్నెత్ బ్లూమ్, అదే కెన్నీ బీట్స్, హిప్ హాప్ నుంచి వచ్చినోడు, అందుకేనేమో డ్రమ్స్‌ని అంత ముందుకి తెచ్చి పెట్టాడు (ఇది నా ఊహే లెండి). అప్పట్నుంచి ఆ గొంతు కూడా అలవాటైపోయింది. అయినా సరే, ఈ దశాబ్దపు ఆల్బమ్ అని ఊగిపోయేవాళ్లతో నేను ఒప్పుకోను, మధ్యలో రెండు మూడు పాటలు ఒకే చోట తిరుగుతుంటాయి.

నన్నడిగితే అదే నెల్లో వారం ముందు వచ్చిన వెడ్నెస్‌డే వాళ్ల 'బ్లీడ్స్' ఇంకా మంచిది. నార్త్ కరోలినా బ్యాండు, పెడల్ స్టీల్ గిటార్ (బల్లలా పరిచి, తీగల మీద ఇనపకడ్డీ జార్చి వాయించేది) ఏడుస్తుంటే పక్కనే మామూలు గిటార్ బరబరా గీస్తుంటది, మధ్యలో పాడే కార్లీ హార్ట్‌జ్‌మన్ వాళ్లూరి ముచ్చట్లు పక్కింటావిడ చెప్పినట్టు చెప్తుంది. అందులో గిటార్ వాయించిన ఎమ్‌జే లెండర్‌మన్ ఆవిడ మాజీ బాయ్‌ఫ్రెండ్, విడిపోయాక కూడా కలిసి రికార్డు చేశారు. అది తెలిశాక కొన్ని పాటలు ఇంకోలా వినిపించాయి నాకు.

వెట్ లెగ్ అనే ఇంగ్లండ్ బ్యాండు ఆల్బమ్ 'మాయిశ్చరైజర్' కూడా 2025దే, జులైలో వచ్చింది. సరదాగా ఉంటది, పని చేసుకుంటా వినొచ్చు, అంతకంటే చెప్పడానికేం లేదు.

ఇక మీకు. ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ 2024లో తెచ్చిన 'బీటా' ఆల్బమ్‌తో మొదలెట్టండి. ట్రంపెట్లుంటాయి, పాటకి కుదురైన ట్యూన్ ఉంటది, సూర్యకాంత్ సాహ్నీ పాత రోజుల క్లబ్బు సింగర్‌లా తాపీగా పాడతాడు. ఇళయరాజా వయొలిన్లు విన్న చెవికి ఇది పరాయిగా అనిపించదు. ఆదివారం పొద్దున్న మా ఇంట్లో అదే పెడితే అమ్మ ఏమీ అనలేదు, ఉల్లిపాయలు తరుక్కుంటా ఉంది. రెండో పాటకి మాత్రం "ఆ బూర ఊదేవాడు బాగున్నాడు" అంది.