కాలిఫోర్నియాలో ఇంటి డేకేర్: ఎంతమంది పిల్లలైతే లైసెన్స్ కావాలి?

పక్కింటి పాపనీ, ఎదురింటి బాబునీ చూసుకోవడానికి కూడా లైసెన్స్ కావాలా అని అడిగారు. కావాలి. మీ పిల్లలు కాక ఇంకొక్క కుటుంబం పిల్లల్ని మాత్రమే చూస్తే అక్కర్లేదు, బంధువుల పిల్లలకీ అక్కర్లేదు. రెండో కుటుంబం చేరిందంటే రాష్ట్ర సాంఘిక సేవల శాఖ దగ్గర లైసెన్స్ తీసుకోవాల్సిందే. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "నలుగురి దాకా పర్లేదు" అన్న సలహా వేరే రాష్ట్రాల్లో చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు.

అసలు చిక్కు లైసెన్స్ వచ్చాక మొదలవుతుంది. లైసెన్స్ చిన్నది, పెద్దది అని రెండు రకాలు. చిన్నదానికి ఆరుగురు అని చదివి అక్కడితో ఆగిపోతారు. ఆ ఆరుగురిలో రెండేళ్లలోపు వాళ్లు ముగ్గురికి మించకూడదు. నలుగురు చంటిపిల్లల్ని పెట్టుకుంటే ఇక వేరే పిల్లలెవరూ ఉండకూడదు. ఇంట్లో ఉండే మీ సొంత పిల్లలు కూడా పదేళ్లు నిండేదాకా లెక్కలోకే వస్తారు. నలుగురు చంటివాళ్లున్న ఇంట్లో పొద్దున అంతా సవ్యమే. మూడింటికి రెండో తరగతి చదివే కూతురు బడి నుంచి వచ్చి బ్యాగు పడేస్తుంది. మొత్తం ఐదుగురే, అయినా ఉల్లంఘనే. ఇన్‌స్పెక్టర్ చెప్పకుండా వస్తారు, ఆ వేళకే బెల్ కొట్టొచ్చు.

పడుకోబెట్టడంలోనూ మనవాళ్లు దొరికిపోతారు. ఏడాదిలోపు పిల్లల్ని వెల్లకిలా, దుప్పటీ దిండూ లేని తొట్టిలోనే పడుకోబెట్టాలి. గుడ్డలో గట్టిగా చుట్టకూడదు. పావుగంటకోసారి చూసి, చూసినట్టు రాసిపెట్టాలి. అమ్మమ్మల అలవాట్లు ఇక్కడ పనికిరావు.

ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరూ నేరచరిత్ర తనిఖీకి లైవ్‌స్కాన్ (మెషీన్ మీద తీసే) వేలిముద్రలివ్వాలి, టీబీ లేదని చూపాలి. ఇండియా నుంచి వచ్చి మీతో ఉంటున్న అత్తగారు కూడా. టీబీ రాకుండా ఇండియాలో వేసే బీసీజీ టీకా వల్ల చర్మ పరీక్ష పాజిటివ్ చూపించే అవకాశం ఉంది కాబట్టి నేరుగా రక్త పరీక్షకే వెళ్లండి, ఎక్స్‌రే తిప్పలు తప్పొచ్చు.

అద్దె ఇల్లయితే మొదలుపెట్టే ముప్పై రోజుల ముందు యజమానికి రాతపూర్వకంగా చెప్పాలి. ఆరుగురి దాకా ఆయన అనుమతి అక్కర్లేదు. చిన్న లైసెన్స్ మీదే ఏడెనిమిది మందికి వెళ్లాలంటే మాత్రం రాతలో ఒప్పుకోలు కావాలి, పైగా వాళ్లలో ఇద్దరు బడికెళ్లే వయసు వాళ్లవ్వాలి. "కాలనీ రూల్స్ ఒప్పుకోవు" అని హోమ్ ఓనర్స్ అసోసియేషన్ వాళ్లు ఉత్తరాలు పంపుతుంటారు. లైసెన్స్ ఉన్న ఇంటి డేకేర్‌ని ఆపే అధికారం వాళ్లకి లేదు, 2020 నుంచి పెద్ద లైసెన్స్ ఇళ్లని సైతం మామూలు నివాసంగానే చూడాలి.

ఇంకొకటి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకిచ్చే) వీసా మీద ఉండి ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, లేనివాళ్లకి రాష్ట్రం లైసెన్స్ ఇచ్చినా పనిచేసే హక్కు రాదు. అది ఫెడరల్ సంగతి, ముందు దాన్ని తేల్చుకోండి.