నానీకి, టికెట్లు కొనకముందే చదవమని అత్త రాసేది

నానీ,

మొన్న రాత్రి అన్నయ్య ఫోన్ చేసి, "నీ మేనల్లుడు ఉద్యోగం వద్దంటున్నాడే, రెండేళ్లు పూర్తిగా టెన్నిసే ఆడతాడట" అన్నాడు. ఆ గొంతులో కోపముందో గర్వముందో నాకు అర్థం కాలేదు, ఆయనకీ అర్థమైనట్టు లేదు. నాకు ముందు నవ్వొచ్చింది, ఫోన్ పెట్టేశాక గుండెదడ వచ్చింది. బెంగళూరులో ఉంటూ చేతికొచ్చిన ఉద్యోగం వదులుకున్నావంటే ధైర్యమే, అక్కడ లిఫ్ట్ ఎక్కితే చాలు ఎవరో ఒకరు ప్యాకేజీ ఎంత అని అడుగుతారు. ఫోన్లో చెబితే "ఊఁ అత్తా, ఊఁ అత్తా" అంటూ ఇంకేదో చూసుకుంటావు, అందుకే రాస్తున్నా. పూర్తిగా చదువు.

నీకు తెలిసినవి ముందు కానిచ్చేస్తా. ఎంట్రీ గడువుకీ విత్‌డ్రా గడువుకీ ఫోన్లో అలారం పెట్టుకో, ఆలస్యంగా మానుకుంటే జరిమానా పడుతుంది. ఇన్సూరెన్స్ లేకుండా దేశం దాటకు. డబుల్స్ మానకు, సింగిల్స్‌లో మొదటి రోజే ఓడినా ఆ వారం ఇంకో మ్యాచ్ ఉంటుంది, పైగా రూమ్ పంచుకోవడానికి మనిషి దొరుకుతాడు. మన కొడగు బోపన్న 2024లో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి నంబర్ వన్ అయ్యేనాటికి 43 ఏళ్లు, గుర్తుందిగా. మీ అమ్మ ఇచ్చే లేహ్యాలూ, జలుబు మందులూ డాక్టరుకి చూపించకుండా నోట్లో వేసుకోకు, డోప్ టెస్టులో దొరికితే "మా అమ్మ ఇచ్చింది" అంటే ఎవరూ వినరు. కందిపొడి పట్టుకెళ్లు. గోంగూర పచ్చడి మాత్రం రాకెట్ల బ్యాగులో పెట్టకు. మీ బావ టోర్నమెంట్లు ఆడే రోజుల్లో ఓసారి పెట్టాడు, విమానంలో సీసా మూత వదులైపోయి గ్రిప్పులన్నీ నూనె, ముందు రోజే గట్టింగ్ చేయించిన, అంటే కొత్త తీగలు బిగించిన, రెండు రాకెట్లు ఎర్రగా తేలాయి. కొత్త గ్రిప్పులు వేసినా వాసన మాత్రం పోలేదు, ఆ వారమంతా వాడితో ఆడినవాళ్లు ఏమనుకున్నారో మరి.

డబ్బు సంగతి. నువ్వు మొదలుపెట్టే అట్టడుగు మెట్టు, ఎం15 టోర్నమెంట్ గెలిస్తే 2,160 డాలర్లు, మొదటి రౌండ్‌లో పోతే 156. అందులోంచి పన్ను కోస్తారు. ముప్పై రెండు మందిలో గెలిచేది ఒక్కడే కదా, కాబట్టి నువ్వు లెక్క వేసుకోవాల్సింది ఆ 156తోనే. గట్టింగుకీ తిండికీ హోటల్‌కీ అది వారం కూడా రాదు, విమానం ఖర్చు సంగతి వదిలేయ్. ర్యాంకులిచ్చే ఏటీపీ, అదే మగవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం, వాళ్లు 2024 నుంచి కనీస ఆదాయం హామీ ఇస్తున్నారు, మంచిదే, కానీ అది టాప్ 250 వాళ్లకి. ర్యాంకు వెయ్యి దాటి ఉన్న నీకు ఇంకా చాలా దూరం. అందరూ నీకు సుమిత్ నాగల్ కథ చెబుతారు. నేనూ చెబుతా, కానీ మొదటి సగం. 2023 సెప్టెంబరులో బ్యాంకులో 900 యూరోలే ఉన్నాయని అతనే చెప్పాడు, అప్పటికి దేశంలో నంబర్ వన్ సింగిల్స్ ఆటగాడు! ఆ తర్వాత ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో తనకన్నా ఎంతో పై ర్యాంకున్న బుబ్లిక్‌ని ఓడించడం, 2024 ఫిబ్రవరిలో మా నుంగంబాక్కం స్టేడియంలో చెన్నై ఓపెన్ ఛాలెంజర్, ఎం15ల కన్నా పై స్థాయి టోర్నమెంటు, గెలిచి టాప్ 100లోకి రావడం, అదంతా నిజమే, నేనూ కళ్లారా చూసి చప్పట్లు కొట్టినదాన్నే. అయినా ఆ 900 యూరోలు నాకు మర్చిపోబుద్ధి కాదు.

అన్నయ్య ఒంగోలు స్థలం అమ్మేస్తానంటున్నాడు. అది నేను మాట్లాడతా, నువ్వు తలదూర్చకు. ఆర్నెల్లకి సరిపడా డబ్బు చేతిలో పెట్టుకుని బయల్దేరు, తర్వాతది తర్వాత చూసుకుందాం. ఉన్నదంతా ఒకేసారి ఆటలో పెట్టిన ఇంట్లో పిల్లాడు ప్రతి డబుల్ ఫాల్ట్‌కీ నాన్న మొహం గుర్తు చేసుకుంటాడు.

ఫోన్ జాగ్రత్త. నవ్వకు. ఎవరూ చూడని ఎం15 మ్యాచ్‌ల మీద కూడా ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో పందేలు కాస్తారు, లైవ్ స్కోర్ వాళ్లకి పాయింటు పాయింటుకీ వెళుతుంది. ఓడిపోయిన రాత్రి ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే ముక్కూమొహం తెలియనివాళ్లు అమ్మనీ అక్కనీ కలిపి తిడతారు. తిట్లు పర్వాలేదు, నా భయం తియ్యగా మాట్లాడేవాడి గురించి. "రేపటి మ్యాచ్‌కి భుజం ఎలా ఉంది బ్రో" అని అడిగేవాడు పందెం కాసేవాడైతే, వాడికి జవాబివ్వడం కూడా నేరం కిందికి రావచ్చు. ఒక్క సెట్ వదిలేయమని ఎవడైనా అడిగితే, నువ్వు ఒప్పుకోకపోయినా, ఆ సంగతి ఐటీఐఏకి, అదే టెన్నిస్‌లో ఫిక్సింగ్ మీద కన్నేసే సంస్థకి, వెంటనే చెప్పాల్సిందే. చెప్పకపోతే అదీ తప్పే. ఖాళీ జేబుతో పరాయి ఊళ్లో ఓడిపోయిన రాత్రి వస్తాయిరా ఇవి, వాళ్లకి టైమింగ్ బాగా తెలుసు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. మీ అమ్మ మాటల మధ్యలో, "వాడికి నెల్లాళ్లుగా నడుం పట్టేస్తోంది వదినా, సర్వ్ చేసేటప్పుడే, ఏదో స్ప్రే కొట్టుకుంటున్నాడు" అంది. అది విన్నాక నాకు నిద్ర లేదు.

అప్పటికి నువ్వు చిన్నవాడివి, మీ బావ సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. ఆ ఏడాది వాడి ర్యాంకు నాలుగొందల్లోకి వచ్చింది, ఛాలెంజర్ క్వాలిఫైయింగ్‌లో పేరు వస్తోంది, మామయ్య ఆఫీసులో స్వీట్లు పంచారు. అప్పుడే నడుం. వెన్నుపూస కింది భాగంలో సన్నటి చీలిక, స్ట్రెస్ ఫ్రాక్చర్ అన్నారు డాక్టరు గారు. కుర్ర వయసులో వెనక్కి వంగి, మెలితిరిగి సర్వ్ చేసీ చేసీ వచ్చేదట, ఫాస్ట్ బౌలర్లకీ అంతేనట. ఆర్నెల్లు రాకెట్ ముట్టొద్దన్నారు.

మూడు నెలలు బుద్ధిగానే ఉన్నాడు. ఆ తర్వాత ప్రతి సోమవారం పొద్దున్నే లేచి ర్యాంకు చూసుకోవడం మొదలుపెట్టాడు. 52 వారాలు నిండిన పాయింట్లు రాలిపోతాయి కదా, కిందటేడు ఫైనల్ ఆడిన టోర్నమెంట్ పాయింట్లు పోయే వారం దగ్గరపడేసరికి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. ఐదో నెలలో ఎంట్రీ వేసేశాడు. నొప్పి లేదమ్మా అన్నాడు. నిజమే, నడుస్తుంటే లేదు. ఎముక అతుక్కుందో లేదో స్కాన్ తీయించుకుని వెళ్లరా అంటే వచ్చాక తీయించుకుంటా అన్నాడు. వాడి కోచ్ కూడా "ఒక మ్యాచ్ ఆడి చూద్దాం ఆంటీ" అన్నాడు.

కోర్టు పక్క సిమెంటు మెట్ల మీద కూర్చున్నా. మొదటి సెట్‌లోనే చూశా, సర్వ్‌కి బంతిని తలమీదికి కాకుండా బాగా ముందుకి ఎగరేస్తున్నాడు, వెనక్కి వంగే పని లేకుండా. పక్కన కూర్చున్నవాళ్లెవరికీ అది పట్టలేదు. వైపు మారేటప్పుడు కుర్చీలో కూర్చోలేదు, నిలబడే నీళ్లు తాగాడు. రెండో సెట్‌లో బ్రేక్ పాయింట్ వచ్చింది, నడుం వెనక్కి వంచి కొట్టే కిక్ సర్వ్ వెయ్యక తప్పలేదు, వేశాడు. బంతి పడింది, అవతలివాడు తిప్పికొట్టాడు, వీడు మాత్రం వేసినచోటే రాకెట్‌ని నేలకి ఆనించి వంగిపోయి నిలబడ్డాడు. అక్కణ్ణుంచి నెట్ దాకా నడిచి చేయి కలపడానికి ఎంతసేపు పట్టిందో నాకిప్పటికీ కళ్లకి కడుతుంది.

దీనికన్నా నన్ను మండించేది ఇంకోటుంది. ప్రొటెక్టెడ్ ర్యాంకింగ్ అని ఒకటుంటుంది, నువ్వు విని ఉంటావు. దెబ్బ తగిలి కనీసం ఆర్నెల్లు ఎక్కడా ఏ మ్యాచూ ఆడకుండా ఉంటే, దానికి గడువులోగా దరఖాస్తు పెట్టుకుంటే, దెబ్బ తగిలిన తొలి మూడు నెలల సగటు ర్యాంకుతో కొన్ని టోర్నమెంట్లకి ఎంట్రీ ఇస్తారు. పాయింట్లు తిరిగి రావు, కానీ డ్రాలో చోటు దొరుకుతుంది, అట్టడుగు నుంచి ఎక్కాల్సిన పని ఉండదు. వాడు ఇంకొక్క నెల ఇంట్లో కూర్చుని టీవీ చూసి ఉంటే ఆ హక్కు వాడిది. ఐదో నెలలో ఆడిన ఆ ఒక్క మ్యాచ్‌తో అదీ పోయింది, నడుమూ మళ్లీ మొదటికొచ్చింది. ఆ కోచ్‌కి రూల్ తెలుసు, తర్వాత తనే చెప్పాడు. ముందు నోరు విప్పలేదు.

ఆ మీదట వాడు మళ్లీ వెయ్యి దాటిన ర్యాంకు నుంచి లాక్కొచ్చాడు. 2019లో ఐటీఎఫ్, అదే అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, రూల్స్ మార్చేసి చిన్న టోర్నమెంట్లలో ఏటీపీ పాయింట్లు దాదాపు లేకుండా చేసింది, ఆగస్టుకల్లా మళ్లీ ఇచ్చింది గానీ అప్పటికే వాడికి ఓపిక అయిపోయింది. ఇప్పుడు పిల్లలకి నేర్పుతూ హాయిగానే ఉన్నాడు, వాడి మీద నాకు జాలేం లేదు. ఆ మొండితనం మీద మాత్రం ఇంకా కోపమే. నీకూ అదే మొండితనం ఉంది, మన ఇంటి రక్తం.

ఆగితే అంతా పోతుందని నీకు ఎవరైనా అంటే ప్రజ్ఞేశ్ గుణేశ్వరన్‌ని గుర్తు చెయ్. మా చెన్నై కుర్రాడే. మోకాలి స్ట్రెస్ ఫ్రాక్చర్లతో ఇరవైల్లో ఏళ్లకేళ్లు పోయాయి, 2019లో 29 ఏళ్ల వయసులో టాప్ 100లోకి వచ్చాడు, 75 దాకా వెళ్లాడు. అంతకుముందు ఏడాది బెంగళూరు ఓపెన్ ఫైనల్లో మన తెలుగువాడు సాకేత్ మైనేనిని ఓడించింది అతనే. చెన్నై వైపు ఉండాలో తెలుగు వైపు ఉండాలో తేలక ఆ రోజు మామయ్యా నేనూ తగువులాడుకున్నాం.

వచ్చే నెల ట్యునీషియాలో మొనాస్తిర్‌కి మూడు వారాలు వెళతావట. అక్కడ ఎం15లు వారం వారం ఉంటూనే ఉంటాయి, ఎక్కడికీ పోవు. ముందు ఎంఆర్ఐ. ఈ శనివారం రైలెక్కి చెన్నై రా, మీ బావకి చూసిన డాక్టరు గారి దగ్గరే టైమ్ తీసుకున్నా, వాడి పాత ఫిల్ములు కూడా తీసిపెట్టా, పక్కన పెట్టి చూపిద్దాం. బాగానే ఉందంటే నేనే టికెట్ కొంటా, ఒట్టు. విమానంలో కిటికీ సీటు కూడా.

రాకెట్లు మాత్రం తేకు. ఒక్కటి కూడా. తెచ్చావంటే మీ బావ "ఒక్క బాస్కెట్ బంతులు కొడదాం రారా" అని నిన్ను పొద్దున్నే కోర్టుకి తీసుకుపోతాడు, వాడికి ఇప్పటికీ బుద్ధి రాలేదు.

అత్త