గూగుల్‌ను ముక్కలు చేస్తే నా షేర్లు ఏమవుతాయి?

ప్రశ్న: గూగుల్ హైదరాబాద్ ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. వయసు 39. ఫ్లాటు కాక మా పొదుపు 2 కోట్లు. అందులో 1.45 కోట్లు కంపెనీ ఆర్‌ఎస్‌యూల (జీతంలో భాగంగా విడతలవారీగా ఇచ్చే షేర్ల) రూపంలో ఇచ్చిన ఆల్ఫాబెట్ (గూగుల్ మాతృసంస్థ) షేర్లే. అమెరికాలో గుత్తాధిపత్యం కేసుల వార్తలు చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. కంపెనీని విడగొడితే మా డబ్బు పోతుందా? అంతా అమ్మేయమంటారా?
– ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: అంతా ఒక్కసారే అమ్మక్కర్లేదమ్మా. అమ్మడం మాత్రం ఈ త్రైమాసికం నుంచే మొదలుపెట్టండి. అయితే అది కోర్టుకు భయపడి కాదు.

కంపెనీని విడగొట్టినంత మాత్రాన వాటాదారు చేతిలోని వాటా పోదు. 1984లో అమెరికా ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీని విడగొట్టినప్పుడు, పది షేర్లున్నవాళ్ళకు ఆ పదీ అలాగే ఉన్నాయి. వాటికి తోడు కొత్తగా ఏర్పడిన ఏడు ప్రాంతీయ కంపెనీల్లో ఒక్కో షేరు చేతికొచ్చింది. పైగా తీర్పు ఎటు పోతుందో ఊహించి అమ్ముకోవడం మన వల్ల అయ్యే పని కాదు. సెర్చ్‌లో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా తేల్చారు. గూగుల్ బ్రౌజర్ క్రోమ్‌ను అమ్మించాల్సిందేనని అమెరికా ప్రభుత్వం పట్టుబట్టింది. తీరా 2025 సెప్టెంబరు 2న అదే జడ్జి క్రోమ్ జోలికి పోకుండా, పోటీదారులను దూరం పెట్టే ఒప్పందాలు మానాలని, కొంత డేటా వాళ్ళకు ఇవ్వాలని చెప్పి ఊరుకున్నారు. మర్నాడు షేరు దాదాపు 9 శాతం పెరిగింది.

నన్ను భయపెట్టేది మైక్రోసాఫ్ట్ అనుభవం. దాన్ని రెండు ముక్కలు చేయాలని 2000 జూన్‌లో జడ్జి ఆదేశించారు. ఏడాదికల్లా అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది, కంపెనీ చెక్కుచెదరలేదు. అయినా 1999 డిసెంబరు నాటి గరిష్ఠ ధరను షేరు మళ్ళీ దాటేసరికి 2016 వచ్చింది. అప్పటి ధరే మరీ ఎక్కువ కావడం అందుకు పెద్ద కారణం. చేతిలో ఉన్నదంతా అందులోనే ఉంచుకున్న ఉద్యోగి ఇంట్లో ఒకటో తరగతి పిల్లాడు కాలేజీ దాటేసేంత కాలం అది. మీ జీతం, బోనసు, పొదుపులో ముప్పావు వంతు ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. నా బెంగ అదీ.

ఇకమీదట వెస్ట్ అయ్యే (అంటే మీ సొంతమయ్యే) షేర్లను ట్రేడింగ్ విండో (ఉద్యోగులు అమ్ముకోవడానికి కంపెనీ అనుమతించే గడువు) తెరవగానే అమ్మేయండి. వెస్ట్ అయిన రోజు విలువ మీద జీతంతో పాటే పన్ను కట్టేశారు కాబట్టి, వెంటనే అమ్మితే అదనంగా పడేది దాదాపు ఏమీ ఉండదు. పాతవాటిలో 24 నెలలు దాటినవి ముందు తీయండి. లాభం మీద 12.5 శాతం పన్ను, దానిపై సెస్సు, సర్‌చార్జీ వర్తిస్తే అదీ కట్టాలి. ఆరు త్రైమాసికాల్లో ఈ షేర్ల వాటాను 20 శాతానికి దించండి. వచ్చిన డబ్బును నాస్‌డాక్ ఫండ్‌లో మాత్రం పెట్టకండి, అందులోనూ ఆల్ఫాబెట్ ఉంది. సగానికి పైగా ఇక్కడి ఇండెక్స్ ఫండ్లలో, మిగతాది డిపాజిట్లలో, డెట్ ఫండ్లలో ఉంచండి. ఆదాయపన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల వివరాలు రాసే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపడం ఏ ఏడాదీ మరవద్దు. మీ స్థాయి విలువకు అది వదిలేస్తే జరిమానా 10 లక్షలు.

ఇంకొక్కటి. మీరు పంపిన బ్రోకరేజీ ఖాతా స్క్రీన్‌షాట్‌లో వారసుల పేరు రాసే గడి ఖాళీగా ఉంది. దాన్ని చూసి నేను కాసేపు ఆగిపోయాను. అమెరికా పౌరులు కాని, అక్కడ స్థిరపడని వాళ్ళు చనిపోతే, అక్కడి కంపెనీల షేర్ల విలువలో 60,000 డాలర్లు దాటిన భాగం మీద ఆ దేశం 40 శాతం దాకా వారసత్వ పన్ను వేస్తుంది. ఈ పన్ను విషయంలో మనకు అమెరికాతో ఒప్పందం లేదు. మీ షేర్లు ఆ పరిమితిని ఎప్పుడో దాటాయి. ఆ గడి నింపినా పన్ను తప్పదు, వాటా తగ్గించుకుంటేనే భారం తగ్గుతుంది. కానీ గడి ఖాళీగా ఉంటే షేర్లు మీవారి చేతికి రావడమే ఏళ్ళు పట్టొచ్చు. ఈ రాత్రి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఖాతా తెరవండి.